గుర్రం నడిచే దూరంలో ఒక రింకు

"శనివారానికి నీ పేరు మీద రెండు పైలు రాశాం" అని ఫోనొచ్చింది. తేగలవా అని అడగలేదు. రాశామంటే రాశారంతే. 1969 నవంబరు అది. మేం ఆ ఊరొచ్చి మూడు నెలలు. పై అంటే ఏమిటో నాకు సరిగ్గా తెలియదు. అయినా సరేనన్నాను. ఫోను పెట్టేసి మా ఆయన్ని అడిగితే, "కజ్జికాయని పళ్ళెమంత చేసి, మడవకుండా కాలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది" అన్నారు. ఆయన సైన్సు మాస్టారు. చెప్పినదాంట్లో తప్పు లేదు, వంటకి మాత్రం పనికిరాలేదు.

ఊరు కెనడాలో, సస్కాచెవాన్ రాష్ట్రంలో. పేరు రాయను. రాస్తే అక్కడ మిగిలిన కొద్దిమంది ముసలివాళ్ళు ఎవరి సంగతి చెప్పానో ఇట్టే పట్టేస్తారు. నాలుగు వందల మంది జనం. మూడు చెక్క ఎలివేటర్లు, అంటే రైలుకట్ట పక్కన నిలబెట్టిన ధాన్యపు గాదెలు. రెండు చర్చిలు, ఒక బడి, పోస్టాఫీసు, చైనా ఆయన నడిపే కాఫీ హోటలు, రింకు, అంటే ఐసు మీద స్కేటింగూ హాకీ ఆడే షెడ్డు. అప్పట్లో ఆ పల్లెల బళ్ళకి టీచర్లు చాలేవారు కాదు. 1967లో కెనడా వలస నిబంధనలు మార్చి, ఏ దేశంలో పుట్టావన్నది వదిలేసి చదువుకీ పనికీ పాయింట్లు వేయడం మొదలుపెట్టింది. ఆ పాయింట్ల పుణ్యమా అని, ఒంగోలు దగ్గర జొన్నచేల మధ్య పుట్టిన మేం రెండేళ్ళ పిల్లవాణ్ణి చంకనేసుకుని ఆ గోధుమచేల మధ్య దిగాం. మా వైపు నేల చదునే అనుకునేదాన్ని. అక్కడికెళ్ళాక మా నేలకి ఎన్ని గుట్టలున్నాయో తెలిసింది.

పై సంగతి ముగించి ముందుకెళతాను. పిండిలో కలపడానికి అక్కడి వాళ్ళు లార్డ్ వాడతారు, పంది కొవ్వు. నా చేత కాలేదు. పక్కింటావిడ చూసి, కాసేపు ఆలోచించి, వాళ్ళింట్లోంచి క్రిస్కో డబ్బా తెచ్చిచ్చింది. అది మన డాల్డాకి అక్కచెల్లెలు. లోపల పెట్టడానికి రూబార్బ్ ముక్కలూ ఆవిడే ఇచ్చింది. రూబార్బ్ కాడ నోట్లో వేసుకోగానే నాకు గోంగూర గుర్తొచ్చింది. అంత పులుపు. (ఆ తర్వాత ఇరవై ఏళ్ళూ రూబార్బ్ పప్పే మా గోంగూర పప్పు. అంతకుమించి పోలిక అడగొద్దు.) రెండు పైలలో ఒకటి మధ్యలో పచ్చిగా ఉండిపోయింది. సిగ్గుతో చచ్చిపోతూ రింకు వంటింట్లో బల్ల మీద పెట్టాను. అక్కడున్న పెద్దావిడ కత్తితో పొడిచి చూసింది. ఏమీ అనకుండా చుట్టూ కాలిన భాగం వరకూ ముక్కలు కోసి, మధ్యలోది పారేసింది. ఆ ముక్కలు కూడా పావుగంటలో అమ్ముడైపోయాయి. నన్ను ఊళ్ళో కలుపుకున్నది ఆ రోజేనని నా లెక్క.

ఆ ఊళ్ళు అలా ఎందుకు పుట్టాయో ముందు చెప్పాలి, లేకపోతే రింకు సంగతి అర్థం కాదు. రైలు కంపెనీలు పట్టాలు పరుస్తూ ఎనిమిది పది మైళ్ళకో స్టేషను పెట్టుకుంటూ పోయాయి. రైతు పొద్దున్నే గుర్రబ్బండిలో గోధుమలు వేసుకుని బయల్దేరితే, ఎలివేటర్లో అమ్ముకుని చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. గుర్రం ఒక పూట నడిచే దూరం ఎంతో, ఊరికీ ఊరికీ మధ్య దూరం అంత. స్టేషను ఉన్నచోట ఎలివేటరు, ఎలివేటరు ఉన్నచోట ఊరు, ఊరున్నచోట రింకు. పంట చేతికొచ్చాక ఐదు నెలలు నేల రాయిలా గడ్డకట్టి ఉంటుంది. గొడ్డూగోదా చూసుకోవడం తప్ప రైతుకి పనుండదు. ఊరికి కొన్ని మైళ్ళ దూరంలో పొలం మధ్య ఒంటరి ఇల్లు, నాలుగున్నరకే చీకటి, బయట హోరుగాలి. ఆ ఇంట్లో మనిషికి పిచ్చెక్కకుండా ఉండాలంటే వారానికి రెండుసార్లయినా మరో మనిషి మొహం చూడాలి. రింకు కట్టింది అందుకే. హాకీ ఒక వంక.

మొదట్లో గడ్డకట్టిన చెరువు మీదో, బడి వెనక ఖాళీ స్థలంలో నీళ్ళు పోసో ఆడేవారట. ఆ తర్వాత చెక్కలతో గోడలు, ఆ తర్వాత కప్పు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, పోయిన కుర్రాళ్ళ పేరున చాలా ఊళ్ళు మెమోరియల్ రింకులు కట్టుకున్నాయి. 1967లో కెనడాకి నూరేళ్ళు నిండినప్పుడు ప్రభుత్వం కూడా కొంత ఇచ్చింది. అందుకే ఆ చుట్టుపక్కల శతాబ్ది పేరు పెట్టుకున్న రింకులు కొల్లలు. మాది అంతకు ముందుదే. కప్పుని మోసే వంపు దూలాలు ఊరి మనుషులే ఎత్తి నిలబెట్టారు. ఎవరి ట్రాక్టరు ఏ దూలాన్ని లాగిందో చెప్పగలిగిన వాళ్ళు నేను వెళ్ళేనాటికి పదిమందైనా ఉండేవారు. ఆ లెక్కల్లో గొడవలూ అయ్యేవి.

బయటినుంచి చూస్తే పడుకున్న గేదె వీపులా గుండ్రటి కప్పున్న పెద్ద షెడ్డు స్కేటింగు రింకు. పక్కనే పొడుగ్గా, పొట్టిగా ఆనుకుని ఉన్నది కర్లింగు రింకు. రెండింటికీ మధ్య వెయిటింగ్ రూము, దాని వెనక వంటిల్లు. తలుపు తీయగానే ఎదురొచ్చేది వాసన. తడిసిన ఉన్ని చేతితొడుగులు, వేగుతున్న ఉల్లిపాయలు, కాఫీ, సిగరెట్టు పొగ, అన్నీ కలిసిన వాసన. చెక్క నేల మీద స్కేట్ల పదునుకి పడ్డ గాట్లు కొన్ని వేలుంటాయి. నేల అరిగి మధ్యలో పల్లం పడింది. గోడ పొడుగునా బల్లలు. స్కేటింగు రింకు వైపు పెద్ద అద్దం కిటికీ. అది ఎప్పుడూ మంచు పట్టి తెల్లగా ఉండేది. పిల్లవాడు ఆడుతుంటే చూడాలనుకున్న తల్లి అరచేయి అద్దానికి ఆనించి వెచ్చబరచుకోవాలి. చేయంత కిటికీ తెరుచుకుంటుంది, రెండు నిమిషాల్లో మళ్ళీ మూసుకుపోతుంది. మా వాడు వేసిన మొదటి గోలు నేను చూడలేదు. అప్పుడే చేయి మార్చుకుంటున్నాను.

ఐసు సంగతి. మేం వెళ్ళేసరికి అది సహజమైన ఐసు, మిషనుతో చేసింది కాదు. ఐసు చేసేది ఆకాశం, కాపలా మనిషి నీళ్ళు పోసేవాడు. ఉక్రెయిన్ నుంచి వలస వచ్చిన రైతుల కొడుకు, అరవై దాటిన మనిషి. నవంబరులో చలి బాగా ముదిరే రాత్రి కోసం కాచుకుని, రింకు తలుపులన్నీ బార్లా తీసి చలిని లోపలికి రానిచ్చేవాడు. అర్ధరాత్రి గొట్టంతో మట్టినేల మీద పల్చగా నీళ్ళు చల్లి, అది గట్టిపడ్డాక మళ్ళీ చల్లి, అలా వారం పైగా పొర మీద పొర. తొందరపడి ఒకేసారి ఎక్కువ పోస్తే లోపల బోలుగా ఉండి పగులుతుంది. ఆట మధ్యలో గీతలు పడ్డ ఐసుని సరిచేయడానికి పీపా నిండా వేడినీళ్ళు పోసి, దాని వెనక గోనెగుడ్డ వేలాడేసి, ఈడ్చుకుంటూ చుట్టూ తిరిగేవాడు. ఈ పని చేసే జాంబోనీ బండిని కాలిఫోర్నియాలో ఫ్రాంక్ జాంబోనీ 1949లోనే తయారుచేశాడు గానీ, మా ఊరికి అంత డబ్బెక్కడిది. వేడినీళ్ళే ఎందుకని మా ఆయన అడిగితే, "గీతల అంచులు కరిగి కొత్త నీళ్ళతో అతుక్కోవాలి మాస్టారూ, చన్నీళ్ళు పోస్తే పైన అట్టు కట్టినట్టు కట్టి ఊడొస్తుంది" అన్నాడు. వేడినీళ్ళలో కరిగిన గాలి తక్కువుంటుంది, ఐసు గట్టిగా వస్తుంది అని మా ఆయన పిల్లలకి పాఠం చెప్పారు. ఇద్దరూ చెప్పింది నిజమే.

సహజమైన ఐసు కాబట్టి లోపల కూడా బయటంత చలి. ఆ రోజుల్లో రేడియోలో చలి ఫారెన్‌హీట్‌లో చెప్పేవారు, నేను కాగితం మీద సెంటీగ్రేడులోకి మార్చుకునేదాన్ని. జనవరిలో ఒకరోజు సున్నాకి కింద 40 అన్నారు. కాగితం తీస్తుంటే మా ఆయన నవ్వి, "ఈ ఒక్క చోట మార్చక్కర్లేదు, రెండూ ఒకటే" అన్నారు. ఆ రోజు కూడా హాకీ ఆగలేదు. చలి తగ్గితేనే ఆట ఆగేది. జనవరిలో అకాలంగా నాలుగు రోజులు ఎండకాస్తే ఊరంతా మొహాలు వేలాడేసుకునేవారు. ఎండకి ఏడ్చేవాళ్ళని నేను అంతకు ముందు చూడలేదు.

మా పిల్లవాడు స్కేటింగు నేర్చుకున్నది వంటింటి కుర్చీ పట్టుకుని. కుర్చీని తోసుకుంటూ వెళ్ళాలి, పడబోతే దాన్నే పట్టుకోవాలి. అక్కడి పిల్లలందరికీ అదే గురువు. గార్డీ హోవ్ పేరు చెబితే ఆ ఊళ్ళో ఇప్పటికీ గొంతులు మారతాయి. సాస్కటూన్ పక్కన ఫ్లోరల్ అనే చోట 1928లో పుట్టాడు, హాకీలో ఆయన అంతటి వాడు అరుదు. కరువు రోజుల్లో పాలకి డబ్బుల్లేని పక్కింటామె దగ్గర వాళ్ళమ్మ ఏదో కాస్త ఇచ్చి ఒక గోతం పాతసామాను కొంటే, అందులో ఒక జత స్కేట్లున్నాయట. అక్కా తమ్ముడూ చెరొకటీ తీసుకుని ఒంటికాలి మీద జారారట. మా వాడికి ఈ కథ చెప్పి పాత స్కేట్లతో రెండేళ్ళు సరిపెట్టాను.

హాకీ గురించి ప్రపంచానికి తెలుసు. నాకు మనసు నిండా ఉన్నది కర్లింగు. తెలియని వాళ్ళకి ఇలా చెబుతాను: గోలీకాయల ఆటని ఐసు మీద, ఇరవై కిలోలకి కాస్త లోపుండే రాళ్ళతో ఆడతారు. నలభై అయిదు మీటర్లుండే పొడుగాటి ఐసు దారి. రెండు చివరలా 12 అడుగుల గుండ్రటి ముగ్గు, ఎర్రటి నీలపు వలయాలతో. అటు నలుగురు, ఇటు నలుగురు, ఒక్కొక్కరికి రెండేసి రాళ్ళు. ముగ్గు నడిబొడ్డుకి ఎవరి రాయి దగ్గరుంటే వాళ్ళకి పాయింటు. ఆట మొదలుపెట్టే ముందు కాపలా మనిషి రాగిడబ్బా వీపుకి కట్టుకుని, చల్లుడు గొట్టం అటూ ఇటూ ఊపుతూ, వెనక్కి వెనక్కి నడుస్తూ గోరువెచ్చటి నీళ్ళ చినుకులు చల్లేవాడు. అవి పడ్డచోటే గడ్డకట్టి ఐసు మీద చిన్న చిన్న బుడిపెలవుతాయి. రాయి ఆ బుడిపెల తలల మీద జారుతుంది. నున్నటి ఐసు మీదైతే అంత దూరం పోదు. ఆయన అలా చల్లుతుంటే నాకు మా అమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లడమే గుర్తొచ్చేది. కళ్ళాపీ, ముగ్గూ, రెండూ మగవాళ్ళ పనైన చోటు అదొక్కటే చూశాను.

రాళ్ళు స్కాట్లాండు తీరాన ఉన్న ఐల్సా క్రెయిగ్ అనే దీవి నుంచి తెచ్చిన గ్రానైటు. మా జిల్లా చీమకుర్తి రాయి ఇప్పుడు దేశదేశాలకీ పోతోందిగానీ, కర్లింగుకి అది పనికిరాదట. రాళ్ళు కొనలేని కరువుకాలంలో చెక్కదుంగలతో ఆడారు. పిల్లలు జాము డబ్బాల్లో సిమెంటు పోసి పిడి పెట్టుకుని ఆడేవాళ్ళు. జాము డబ్బా కర్లింగు నా కళ్ళతో చూశాను.

మా ఆయన్ని మొదటి ఏడే లాక్కెళ్ళారు, నాలుగో మనిషి తక్కువయ్యాడని. మొదటి రాయి వదలబోయి వెల్లకిలా పడ్డారు. రెండో వారం నుంచి ఊడ్చే పని ఇచ్చారు. రాయి జారుతున్నప్పుడు దానికి ముందు చీపుళ్ళతో గబగబా ఊడుస్తారు. ఐసు కాస్త వెచ్చబడి రాయి ఇంకా దూరం, ఇంకా తిన్నగా పోతుంది. జట్టు నాయకుడు అవతలి చివరనుంచి గొంతు చించుకుని అరుస్తుంటాడు, "ఊడ్చండి, ఊడ్చండి" అని. ఆ రోజుల్లో చీపుళ్ళు నిజం చీపుళ్ళే. బ్రూమ్‌కార్న్ అనే మొక్క కంకులతో కట్టినవి, అదీ జొన్న జాతిదే. కళ్ళాల్లో చాటలు కొట్టినట్టు ఠపఠపమని ఒకటే మోత. ఇంట్లో జన్మలో చీపురు పట్టని మనిషి ఊరందరి ముందూ చెమటలు కక్కుతూ ఊడ్చారు. ఈ సంగతి మా అత్తగారికి రాసిన ఏ ఉత్తరంలోనూ లేదు.

ఆయనకి ఆటకన్నా ఎక్కువ పట్టుకున్నది రాయి వంపు. వదిలేటప్పుడు పిడిని కుడివైపుకి తిప్పితే రాయి పోయి పోయి కుడివైపుకే వంగుతుంది. ఒక రాత్రి వంటింట్లో బల్ల మీద స్టీలు గ్లాసు బోర్లించి, కుడివైపుకి తిప్పి తోశారు. అది ఎడమవైపుకి వంగింది. మళ్ళీ తోశారు, మళ్ళీ ఎడమకే. పన్నెండింటిదాకా గ్లాసు బల్ల మీద తిరుగుతూనే ఉంది, పిల్లవాడు లేచాడు, నేను తిట్టాను. "గ్లాసు ఎడమకి పోతుంటే రాయి కుడికెందుకు పోతుంది?" అని ఆయన పుస్తకాలన్నీ తిరగేశారు. శాస్త్రజ్ఞులు దీని మీద ఈ రోజుకీ వాదించుకుంటూనే ఉన్నారని మా అబ్బాయి చెబుతాడు. ఆయన పోయారు. గ్లాసు నా దగ్గరే ఉంది.

చలికాలం నడుమ బాన్‌స్పీల్ అని కర్లింగు పోటీలు జరిగేవి, మూడు నాలుగు రోజుల పాటు రేయింబవళ్ళు. చుట్టుపక్కల పది ఊళ్ళ జట్లొచ్చేవి. ఓడినా ఇంటికి పోనక్కర్లేదు, ఓడినవాళ్ళకి మరో వరస ఆటలుంటాయి. మొదటి బహుమతి టోస్టరో, దుప్పటో. ఉత్తరాన నిపావిన్ అనే ఊరు మాత్రం 1947లో నాలుగు హడ్సన్ కార్లు బహుమతిగా పెట్టి దేశాన్నంతా అదరగొట్టింది. ఆ పేరు ఎత్తగానే మా వాళ్ళు, "కార్లిచ్చారు సరే, మనలాంటి పైలు పెట్టారా?" అనేవారు. స్టౌటన్ అనే చిన్న ఊరి మూలాలున్న రిచర్డ్‌సన్ కుటుంబం కుర్రాళ్ళు, ఇద్దరు అన్నదమ్ములూ వాళ్ళ దాయాదులూ, 1959 నుంచి 1963 లోపు నాలుగుసార్లు జాతీయ పోటీ గెలిచారు. పల్లె రింకులకి అంత గీర రావడం వెనక వాళ్ళున్నారు. ఆట అయ్యాక రెండు జట్లూ చేతులు కలిపి ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి, గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకి తాగడానికి కొనిపెట్టాలి. నియమాల పుస్తకంలో ఉందో లేదోగానీ, అది తప్పినవాణ్ణి మరుసటి ఏడు ఎవరూ పిలిచేవారు కాదు.

ఇదంతా చెబుతుంటే మన తెలుగువాళ్ళు, "ఓహో, రచ్చబండన్నమాట" అంటారు. తేలికైన మాట. రచ్చబండ మీద ఆడవాళ్ళు కూర్చోరు. రింకులో కూర్చుంటారు, కాకపోతే వంటింట్లో. వంటింటి తలుపు పక్కన మేకుకి డ్యూటీ లిస్టు వేలాడేది. పేర్లన్నీ భర్తల పేర్లతోనే, ఫలానావారి భార్య అని. నా పేరు ఆ లిస్టులో నా పేరుగా ఎక్కడానికి ఏడేళ్ళు పట్టింది. మంగళవారం మధ్యాహ్నం ఆడవాళ్ళ కర్లింగు ఉండేది, మగవాళ్ళు వద్దనుకున్న వేళ. నాకు లీడ్ ఇచ్చారు, అంటే మొదటి రెండు రాళ్ళు వేసే పని. పన్నెండేళ్ళు అదే వేశాను. మా అమ్మాయి అక్కడే పుట్టింది. తొమ్మిదేళ్ళప్పుడు హాకీ ఆడతానంది. ఆడపిల్లలకి ఫిగర్ స్కేటింగు ఉందిగా అన్నారు. సాయంత్రం మంచి వేళలన్నీ మగపిల్లల హాకీవి, ఫిగర్ స్కేటింగుకి మిగిలింది శనివారం పొద్దున్న ఆరింటి వేళ. అప్పుడు నేనూ గట్టిగా అడగలేదు. 1998లో జపాన్‌లోని నగానోలో జరిగిన ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ళ హాకీ పెట్టారు. సస్కాచెవాన్‌లోని షానవన్ అనే చిన్న ఊరి పిల్ల హేలీ విక్కెన్‌హైజర్ కెనడాకి ఆడింది. టీవీ ముందు మా అమ్మాయి ఒక్క మాటా మాట్లాడలేదు. అదే నగానోలో బిగ్గర్ అనే ఊరి శాండ్రా ష్మిర్లర్, ఇంట్లో అయిదు నెలల పసిబిడ్డ, తన జట్టుతో కర్లింగు బంగారు పతకం గెలిచింది. రెండేళ్ళకే, 2000 మార్చిలో, క్యాన్సరుతో పోయింది. ముప్ఫై ఆరేళ్ళు. ఆవిడెవరో కలుసుకున్నదాన్ని కాదు. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.

ఇంకొక సంగతి కూడా రాయాలి. మా ఊరికి పదిహేను మైళ్ళలో క్రీ అనే ఆదివాసీ జాతి వాళ్ళకి కేటాయించిన రిజర్వు ఉండేది. ఆ పిల్లలు మా రింకులో అరుదుగా కనబడేవారు. కనబడితే వెయిటింగ్ రూములో మాటలు కాస్త తగ్గేవి. ఫ్రెడ్ సాసకమూస్ అనే క్రీ కుర్రవాడు, చిన్నప్పుడే ఇంటినుంచి లాక్కెళ్ళి పెట్టిన రెసిడెన్షియల్ స్కూల్లో హాకీ నేర్చుకుని, 1953-54లో చికాగో జట్టుకి 11 ఆటలు ఆడాడు. ఆ రాష్ట్రం వాడే. అన్నేళ్ళలో మా రింకులో ఆయన పేరు నేను ఒక్కసారీ వినలేదు. మమ్మల్ని ఎక్కడో ఖండాంతరాల నుంచి వచ్చినా పైలు రాసి కలుపుకున్న ఊరు, పదిహేను మైళ్ళ వాళ్ళ పేరు మీద ఏమీ రాయలేదు. నేనూ ఎందుకని అడగలేదు, నా చోటు నాకు దొరికింది కదా అని.

రింకు ఎలా పోయిందంటే టీవీ వచ్చి పోయిందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. టీవీ మేం వెళ్ళేసరికే ఉంది, శనివారం రాత్రి హాకీ ప్రసారం చూసి కూడా ఆదివారం రింకుకి వచ్చేవారు. గుర్రం పోయింది, అదీ అసలు సంగతి. గుర్రం పోయి లారీ వచ్చాక ఎనిమిది మైళ్ళకో ఊరు అక్కర్లేకపోయింది. ట్రాక్టరు పెద్దదయ్యే కొద్దీ నలుగురు చేసే సేద్యం ఒకరే చేయగలిగారు. మిగతా ముగ్గురూ రెజైనాకో, కాల్గరీకో పోయారు. పిల్లలు తగ్గారు, బడి పైక్లాసులు పక్క ఊరికి వెళ్ళాయి, 1988లో మా ఆయన ఉద్యోగంతోపాటు మేమూ. 1993లో ఆ రాష్ట్రంలో 52 పల్లె ఆసుపత్రులు మూసేశారు లేదా తగ్గించేశారు. 1995లో ధాన్యం రైలు రవాణాకి వందేళ్ళ నాటి రాయితీ ఎత్తేశారు. చిన్న ఊళ్ళకి చీలే రైలు లైన్లు పీకేశారు, ఎలివేటర్లు కూల్చేశారు. రింకు వాటికన్నా ఎక్కువ కాలమే నిలబడింది.

అందులో ఒక చిక్కు కూడా ఉంది. డెబ్బయ్యో దశకంలో ఊరంతా విందులు పెట్టి, లాటరీలు వేసి, అమోనియాతో ఐసు చేసే ప్లాంటు కొన్నాం. ఐసు ఇక ఆకాశం దయ కాదని సంబరపడ్డాం. ఆ రోజు నుంచి కరెంటు బిల్లు ఊరి నెత్తిన పడింది. సహజమైన ఐసుకి కావలసింది ఒక ముసలాయన, ఒక గొట్టం, చలి. ప్లాంటుకి మెకానిక్కు, ఇన్సూరెన్సు, తనిఖీలు. అమోనియా ఆటబొమ్మ కాదు. 2017లో బ్రిటిష్ కొలంబియాలోని ఫెర్నీలో రింకు ప్లాంటు నుంచి అది లీకై ముగ్గురు చనిపోయారు. మా ప్లాంటు పాడైనప్పుడు బాగుచేయించడానికి మళ్ళీ విందు పెడదామంటే వండేవాళ్ళు అయిదుగురు మిగిలారు, అందరూ డెబ్బై దాటినవాళ్ళు. డ్యూటీ లిస్టులో అవే పేర్లు వారం వారం తిరిగేవి. కప్పుకి ఇంజనీరు సర్టిఫికెట్టు ఇవ్వననడం చివరి సంగతి. అప్పటికే అయిపోయింది.

2009లో మా అబ్బాయి కారులో తీసుకెళ్ళాడు. స్కేటింగు రింకు లేదు, గడ్డి మొలిచిన గట్టు ఉంది. కర్లింగు షెడ్డు ఒక రైతు కొనుక్కుని యంత్రాలు పెట్టుకున్నాడు. ఆయనే తలుపు తీశాడు. ట్రాక్టరు పక్కన గోడకి ఆ వలయాల రంగుల డబ్బాలు ఇంకా ఉన్నాయి, ఎరుపూ నీలం మూతల మీద ఎండిపోయి. రాళ్ళెక్కడని అడిగాను. వేలం వేశారన్నాడు. ఊళ్ళో రెండిళ్ళ గుమ్మాల ముందు తలుపులు గాలికి కొట్టుకోకుండా అడ్డంగా పెట్టి కనబడ్డాయి. వాటిలో ఏదైనా నేను వేసిన రాయి అయ్యుండొచ్చు, నంబరు గుర్తు లేదు.

అన్ని ఊళ్ళూ అలా కాలేదు. కాస్త పెద్ద ఊళ్ళలో, చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళ పిల్లలు కలిసి ఒకే జట్టుగా ఆడే చోట, రింకులు నడుస్తూనే ఉన్నాయి. 2018 ఏప్రిల్ 6న హంబోల్ట్ ఊరి హాకీ జట్టు బస్సు ప్రమాదంలో 16 మంది పోయినప్పుడు, ఊరు ఊరంతా ఏడవడానికి చేరింది రింకులోనే. దేశమంతా జనం గుమ్మాల ముందు హాకీ కర్ర ఒకటి నిలబెట్టారు. మేమూ పెట్టాం, మా వాడి పాతది.

ఈ మధ్య మన పిల్లలు చాలామంది చదువుకని రెజైనాకీ, సాస్కటూన్‌కీ వెళుతున్నారు. నాకు ఫోను చేసి, చలి చంపేస్తోంది అత్తమ్మా, ఇక్కడేముంది అంటుంటారు. ఒక మాట చెబుతాను. జనవరిలో శనివారం నాడు హైవే మీద వెళుతుంటే, చిన్న ఊళ్ళో గుండ్రటి కప్పున్న షెడ్డు ముందు పదిహేను ట్రక్కులు ఆగి ఉంటే మీరూ ఆగండి. ఎవరూ ఎందుకొచ్చావని అడగరు. వంటింటి కిటికీ ఎడమవైపు ఉంటుంది. కాఫీ మీరే పోసుకోవాలి, డబ్బులు పక్కనున్న డబ్బాలో వేసి చిల్లర మీరే తీసుకోవాలి. రూబార్బ్ పై మధ్యాహ్నం రెండింటికల్లా అయిపోతుంది, పెందలాడే వెళ్ళండి.